మేజిక్ టేబుల్: కెమెరా ట్రైపాడ్ మీద నిలుస్తుందా, పెట్టెబల్లే మేలా?

గంటస్తంభం కుర్రోడు (విజయనగరం):
అందరికీ నమస్తే. ఉద్యోగం వేరే, ఆదివారాలు మాత్రం పుట్టినరోజు ఫంక్షన్లు, అప్పుడప్పుడు స్కూళ్లలో మేజిక్ షోలు. సామానంతా ఒక్క బ్యాగులో పట్టేస్తుంది, పట్టనిది టేబులే. ఇన్నాళ్లూ ఎక్కడికెళ్తే అక్కడ ఏ టేబుల్ ఇస్తే దాంతోనే కానిచ్చేవాణ్ణి. మొన్న చీపురుపల్లి దగ్గర ఒక ఫంక్షన్లో ఇచ్చిన ప్లాస్టిక్ టేబుల్‌కి ఒక కాలు పొట్టి. దాని కింద పెళ్లికార్డు మడతపెట్టి మొదలెట్టాను, సరిగ్గా గ్లాసు బోర్లించే టైముకి కార్డు జారింది, బంతి దొర్లుకుంటూ పోయి ముందు వరసలో పాప కాళ్ల దగ్గర ఆగింది. ఆ బంతి అప్పటికి మాయమైపోయి అయిదు నిమిషాలైంది.

ఇక సొంతంగా చేసుకోవాల్సిందే. రెండు వేలు దాటకూడదు, బైకు మీదా బస్సులోనూ పట్టాలి, ఒక్కణ్ణే రెండు నిమిషాల్లో బిగించాలి. ఇంట్లో పాత కెమెరా ట్రైపాడ్ పడి ఉంది. దాని మీద 45 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. పొడవున్న ప్లైవుడ్ ముక్క బిగిద్దామని నా ఆలోచన. నాకు విద్య నేర్పిన మాస్టారు మాత్రం ట్రైపాడ్ పేరెత్తితేనే కోప్పడుతున్నారు, పెట్టెబల్ల చేయించుకోమంటారు (పెట్టె మూత విప్పితే అదే బల్ల, కాళ్లు లోపలే ఉంటాయి). మీరేమంటారు?

చెక్కపొడి (బొబ్బిలి):
మీ మాస్టారు చెప్పిందే రైటు. మాది వడ్రంగం పని, మేజిక్ తెలీదు గానీ కాళ్ల సంగతి తెలుసు. అందరూ పైన చెక్క గురించే ఆలోచిస్తారు, పడేది చెక్క వల్ల కాదు. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా విప్పితే ఒక్కో కాలి కొస మధ్యనుంచి 45 సెం.మీ. దూరం ఉందనుకోండి. చాలా వెడల్పే అనిపిస్తుంది, కానీ మూడు కాళ్లదాంట్లో రెండు కాళ్ల కొసలు కలుపుతూ గీత గీస్తే ఆ గీత మధ్యనుంచి 22.5 సెం.మీ. మాత్రమే. మీ చెక్క మూల మధ్యనుంచి 37.5 సెం.మీ. అంటే ఆ మూల గీత దాటి 15 సెం.మీ. బయటికి వేలాడుతోంది. ఆరు ఎం.ఎం. చెక్క కిలో, ట్రైపాడ్ కిలోన్నర వేసుకున్నా, అక్కడ నాలుగు కిలోల ఒత్తిడి పడితే చాలు, మొత్తం బోర్లా పడుతుంది. ఒక పిల్లాడు ముందుకొచ్చి మోచెయ్యి ఆనిస్తే నాలుగు కిలోలు పడవా? ఇస్త్రీ బల్ల కాళ్లలాగ అడ్డంగా కత్తెర వేసిన కాళ్లు చేయించుకోండి, నాలుగు రీపర్లు (సన్న చెక్క బద్దలు), రెండు బోల్టులు, అంతే.

పలాస జీడిపప్పు:
ఏటి గురూ, మేజిక్ అడిగితే మాకు లెక్కల క్లాసు పెట్టేశారు.

లెక్కల టీచరమ్మ (శ్రీకాకుళం):
లెక్క కరెక్టే, నేను చూసుకున్నాను 😀 కానీ చెక్కపొడి గారు ఒకటి మర్చిపోయారు, ఎత్తు. జన విజ్ఞాన వేదిక వాళ్లు బాబాల మహిమల గుట్టు విప్పే ప్రదర్శనలు చూసి నేనూ మా బడిలో చిన్న చిన్నవి చేస్తుంటాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. ఫంక్షన్ హాల్లో పెద్దవాళ్లు కుర్చీల్లో ఉంటారు, బల్ల మన నడుం ఎత్తున, 90 సెం.మీ. ఉంటే బాగుంటుంది. గవర్నమెంటు బడిలో పిల్లలు వరండాలో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. వాళ్ల కళ్లు బల్లకన్నా బాగా కిందే. బల్ల మీద పెట్టింది ఒక్కటీ వాళ్లకి కనబడదు, బల్ల కింద మాత్రం అంతా కనబడుతుంది! మొదటిసారి నేను బల్లకి వెనకవైపు గుడ్డసంచి కట్టాను, రెండో తరగతి పిల్లాడు "టీచర్, ఆ సంచిలో ఏటుంది" అని అందరి ముందూ అడిగేశాడు. అందుకని ఎత్తు మార్చుకునే వీలు లేని బల్ల నాకొద్దు. కత్తెర కాళ్లకి రెండు మూడు గాడులు పెట్టొచ్చేమో గానీ ట్రైపాడ్‌లో అయితే ఆ సదుపాయం ముందే ఉంది కదా. నేను ఇప్పుడు వాడేది మైక్ సెట్ షాపులో తీసుకున్న పాత స్పీకర్ స్టాండు. పైన 35 ఎం.ఎం. గొట్టం ఉంటుంది, దానికి సరిపోయే ఇనుప గిన్నె చెక్క కింద నాలుగు స్క్రూలతో బిగిస్తే సరి. కాళ్లు కూడా ఇంకా వెడల్పుగా విచ్చుకుంటాయి. బరువొక్కటే బాధ.

నాగావళి గట్టు:
ఇరవై ఏళ్లకు పైబడి షోలు చేస్తున్నాను, పెద్దవాణ్ణి కాబట్టి సూటిగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ముందుగా, వెనక సంచులు, గుంటలు, నల్ల వెల్వెట్టు కిటుకులు ఇలా నలుగురూ చదివేచోట రాయడం మంచిది కాదు. టేబుల్ గురించి మాట్లాడుకోండి, దాని కడుపులో ఏముందో వద్దు.

ఇక అసలు విషయం. 1845లో పారిస్‌లో ఫ్రెంచి మెజీషియన్ రాబర్ట్ హూడిన్ సొంత థియేటర్ తెరిచినప్పుడు, అప్పటిదాకా మెజీషియన్లు వాడే, నేలదాకా గుడ్డలు వేలాడే పెద్ద పెద్ద బల్లలు తీసేసి సన్నకాళ్ల తేలిక బల్లలు పెట్టాడు. ఆ గుడ్డలు చూస్తేనే జనానికి అనుమానం, కింద ఎవరో దాక్కున్నారని. కాబట్టి సన్నకాళ్ల బల్లంటే నాకేమీ పడకపోవడం కాదు. కానీ కెమెరా ట్రైపాడ్ చూడగానే అది కెమెరా ట్రైపాడ్ అని అందరికీ తెలిసిపోతుంది. పైన వెల్వెట్టు, కింద ప్లాస్టిక్ పిడులు! పెట్టెబల్ల అయితే మనం లోపలికి నడిచి రావడం, పెట్టె దించడం, మూత విప్పడం, కాళ్లు తీసి బిగించడం కూడా షోలో భాగమే, జనం ఆ రెండు నిమిషాలూ నోరు తెరుచుకు చూస్తారు. సామాను కూడా అందులోనే. ఇది బ్యాగు మిగిల్చినట్టు కాదా నాయనా?

గంటస్తంభం కుర్రోడు:
గురువుగారూ, మీ పెట్టెబల్ల ఎంత బరువుంటుంది?

నాగావళి గట్టు:
సామానుతో తొమ్మిది కిలోలు. నేను ఆటోలో వెళ్తాను.

పలాస జీడిపప్పు:
ఆటో కిరాయి మేజిక్‌లో మాయం చేస్తారా 😂

గారడీవాళ్ల మనవడు (పార్వతీపురం):
ఇంతసేపూ చదివాను, ఒక్కరూ అడగలేదు, అసలు టేబుల్ ఎందుకు? మా తాత సంతల్లో గారడీ చేసేవాడు. గోనెపట్టా పరిచి గొంతుక్కూర్చునేవాడు, చుట్టూ నాలుగువైపులా జనం, వెనక కూడా. పైన ముడి ఉన్న మూడు గిన్నెలు, ఆ ముడిని వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుని ఎత్తేవాడు, గుడ్డతో చుట్టిన బంతులు. టేబుల్ ముందు ఆడే మీకు వెనక గోడ కావాలి, ఆయనకి అక్కర్లేదు. పిల్లలు నేల మీదే కూర్చుంటారని టీచరమ్మగారే అన్నారు కదా, మీరూ నేల మీద కూర్చోండి. ఖర్చు ఒక గోనెపట్టా.

లెక్కల టీచరమ్మ:
మీ తాతగారికి దండం. కానీ రెండొందల మంది పిల్లల్లో నాలుగో వరస నుంచి ఎవరికీ నేల కనబడదండీ. మీ తాతగారి చుట్టూ జనం నిలబడేవారు.

గారడీవాళ్ల మనవడు:
అది నిజమే. కానీ మోకాళ్ల నొప్పులు రానంతవరకూ నేల మీద చెయ్యడం నేర్చుకోవాలనే అంటాను.

చెక్కపొడి:
ఎత్తు మాట నిజమే, నాకు తట్టలేదు. సరే, ట్రైపాడే అయితే ఇలా చెయ్యండి. ట్రైపాడ్ తల మీద ఉండేది పావు అంగుళం స్క్రూ. ఆరు ఎం.ఎం. చెక్కకి సూటిగా మర వేస్తే పట్టదు, కింద అరచేయంత 12 ఎం.ఎం. ముక్క ఫెవికాల్‌తో అతికించి, దానికి పై వైపు నుంచి టీ నట్ (చెక్కలోకి దిగగొట్టే మర ఉన్న నట్టు) కొట్టి ఆ తర్వాత వెల్వెట్టు వెయ్యండి. ఒక్క స్క్రూ మీద నిలబడింది ఎప్పటికైనా తిరిగిపోతుంది, మీరు రుమాలు లాగితే చెక్క కూడా మీతో వస్తుంది. అందుకని ట్రైపాడ్ ప్లేటుకి అటూ ఇటూ ఆనుకునేలా రెండు రీపరు ముక్కలు అంటించండి, ప్లేటు ఆ సందులో కూర్చుంటుంది, ఇక తిరగదు. చుట్టూ సెంటీమీటరు ఎత్తున బీడింగ్, మీ బంతి మళ్లీ పాప దగ్గరికి పోకుండా. వెల్వెట్టు కింద పాత యోగా మ్యాట్ కోసి పరిస్తే గ్లాసు పెట్టినా చప్పుడు రాదు. మధ్య గొట్టం అడుగున కొక్కెం ఉంటే రెండు లీటర్ల నీళ్ల బాటిల్ తగిలించండి, మూల మీద దాదాపు ఏడు కిలోలదాకా తట్టుకుంటుంది. ఒక కాలు మాత్రం తప్పనిసరిగా పిల్లలు వచ్చి నిలబడే వైపుకి ఉంచండి. ఇంతా చేసి నేను మాత్రం కత్తెర కాళ్లకే ఓటు.

గంటస్తంభం కుర్రోడు:
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి. చెక్కపొడి గారు చెప్పినట్టే చేశాను, ట్రైపాడ్ ఇంట్లోదే కాబట్టి మొత్తం ఏడొందల ఎనభై అయింది, అందులో వెల్వెట్టుదే సగం. కాళ్లకి నల్ల గుడ్డ తొడుగులు కుట్టించాను, నాగావళి గారి మాట పడి. నిన్న గజపతినగరం దగ్గర ఒక బడిలో మొదటి షో. బల్ల 65 సెం.మీ. ఎత్తుకి దించాను, వెనక ఏమీ కట్టలేదు. మధ్యలో ఒక కుర్రాడు వచ్చి రెండు చేతులూ మూల మీద వేసి నిలబడ్డాడు, నా గుండె జారిపోయింది గానీ బల్ల కదల్లేదు. అంతా బాగుందనుకునేలోపు ముందు వరసలో ఒక బుడ్డిది లేచి చక్కా వచ్చి, కొక్కేనికి ఉన్న బాటిల్ తీసుకుని, మూత విప్పి తాగడం మొదలెట్టింది. వెనకాలే ఇంకో నలుగురు లైను కట్టారు. ఈసారి ఇసక పోస్తాను.

నాగావళి గట్టు:
పెట్టెబల్లకి నీళ్లు అక్కర్లేదు నాయనా.