ఉప్పెన లెక్కలకు సెండ్-రిసీవ్ మేలా, పుట్ మేలా?

బరంపురం వాసి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తీరానికి ఉప్పెన అంచనా కట్టే ప్రోగ్రాం రాస్తున్నాం. ప్రోగ్రాంను ప్రాసెస్‌లుగా, అంటే ఒకేసారి నడిచే ప్రతులుగా, నడుపుతున్నాం. సముద్రాన్ని ముక్కలు చేసి ఒక్కో ప్రాసెస్‌కు ఒక్కో ముక్క ఇచ్చాం. లెక్క ఒక అడుగు ముందుకు వేసిన ప్రతిసారీ అంచు వరుసలను పక్క ప్రాసెస్‌కు పంపాలి. ఒకరు పంపితే మరొకరు అందుకునే సెండ్, రిసీవ్ తీసేసి, ఎంపీఐ (ప్రాసెస్‌ల మధ్య డేటా మార్పిడికి వాడే ప్రమాణం) పుట్‌తో అవతలి మెమరీలో నేరుగా రాద్దామని బృందంలో సగం మంది పట్టు. మీరేమంటారు?

నాగావళి (రాయగడ): మార్చండి. సందేశాల గుర్తులైన ట్యాగులు సరిపోల్చడం, మధ్యలో తాత్కాలిక బఫర్‌లోకి కాపీ, ఈ తతంగమంతా ఎందుకు? కంప్యూటర్లను కలిపే ఇన్ఫినీబ్యాండ్ నెట్‌వర్క్ కార్డు అవతలి సీపీయూను కదిలించకుండానే రాసేస్తుంది. 1990లలోనే క్రే టీ3డీ సూపర్‌కంప్యూటర్ మీద ష్మెమ్ లైబ్రరీ ఈ పని చేసింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి): రాయడం సరే నాగావళి గారూ, రాసినట్టు అవతల తెలిసేదెలా? పుట్ పిలుపు ముగిసినంత మాత్రాన డేటా చేరినట్టు కాదు. రాతలు ముగిసేదాకా ఆగే ఫెన్స్ పెడితే ఆ విండోను (ఇతరులు రాసేందుకు తెరిచిన మెమరీని) పంచుకునే ప్రాసెస్‌లన్నీ దాన్ని పిలవాలి. నాలుగు పొరుగు ప్రాసెస్‌ల కోసం అన్నింటినీ కట్టిపడేయడమే. పోస్ట్-స్టార్ట్-కంప్లీట్-వెయిట్ అనే నాలుగు పిలుపుల పద్ధతి అయితే పొరుగుతోనే సరిపోతుంది, కానీ పోస్ట్, వెయిట్ పిలవాల్సింది అందుకునే ప్రాసెసే. ఇక అవతలి వైపు ప్రమేయం అక్కర్లేని ఏకపక్షం ఎక్కడ మిగిలింది? విండోను లాక్ చేసి, రాతలు పూర్తయ్యేదాకా ఫ్లష్ పిలుపుతో ఆగే దారిలో అందుకునే వైపు ఏమీ పిలవనక్కర్లేదు. అయితే ఫ్లష్ పూర్తయిన సంగతి పంపిన ప్రాసెస్‌కే తెలుస్తుంది. విడిగా ఒక జెండా రాసి, అవతల దాన్నే చూస్తూ కూర్చోవాలి. డేటా, అది వచ్చిందన్న కబురు, రెండూ రిసీవ్ ఒక్కటే ఇస్తుంది. పైగా పెద్ద సందేశాలకు చాలా ఎంపీఐ లైబ్రరీలు సెండ్ లోపల, అవతలి మెమరీలో కార్డు నేరుగా రాసే ఆర్‌డీఎంఏనే వాడతాయి.

నాగావళి: కబురు కూడా మోసుకెళ్ళే పుట్, ష్మెమ్‌కు ప్రమాణ రూపమైన ఓపెన్‌ష్మెమ్ 1.5లో ఉంది. మీ ఫిర్యాదు ఎంపీఐ మీద, పద్ధతి మీద కాదు.

మహేంద్రతనయ: కావచ్చు. వారు అడిగింది ఎంపీఐ గురించే.

వంశధార (గుణుపురం): ఇద్దరూ అంచుల దగ్గరే పోట్లాడుకుంటున్నారు. అక్కడ ఎవరికి ఎంత పంపాలో ముందే తెలుసు, రిసీవ్‌తో వచ్చిన కష్టమేమీ లేదు. అసలు చిక్కు నీరు ఊళ్ళ మీదికి ఎక్కినప్పుడు. తడిసిన గడులకే లెక్క. పొడి నేల పట్టిన ప్రాసెస్ ఖాళీ. పనిని తునకలు చేసి, ఒకచోట లెక్కింపు అంకె పెట్టండి. ఖాళీ అయిన ప్రాసెస్, అంకెను చదివి అదే దెబ్బలో పెంచే పిలుపైన ఎంపీఐ-3 (2012)లోని ఫెచ్-అండ్-ఆప్‌తో తర్వాతి తునక నంబరు తీసుకుంటుంది. ఎవరు ఎప్పుడు అడుగుతారో తెలియని ఈ చోటే ఏకపక్ష పద్ధతికి తగినది. రసాయనశాస్త్ర లెక్కల ప్రోగ్రాం ఎన్‌డబ్ల్యూకెమ్, ఏకపక్ష పద్ధతి లైబ్రరీ గ్లోబల్ అరేస్ మీద ఆధారపడిందీ ఇలాంటి అవసరంతోనే.

బరంపురం వాసి: నంబరు దొరికితే చాలదు కదా, ఆ తునక డేటా?

వంశధార: అవతలి మెమరీ నుంచి చదివే గెట్‌తో తెచ్చుకోండి. విండో మెమరీని ఎంపీఐ సొంత పిలుపైన విన్ అలొకేట్‌తోనే తీసుకోండి, లైబ్రరీకి అనువుగా ఉంటుంది. తునకలు మరీ చిన్నవి చేయకండి. ప్రాసెస్‌లన్నీ ఆ ఒక్క అంకె దగ్గరే గుమిగూడతాయి.