కొవ్వు దాచుకునే కాలాన్ని లెమూర్‌కు చెప్పేది కన్నా, ముక్కా?

ఉదయగిరి మాస్టారు:
నిన్న ఎనిమిదో తరగతిలో మడగాస్కర్ మౌస్ లెమూర్ గురించి చెప్పాను. కోతులకు దూరపు చుట్టమైన 60 గ్రాముల జీవి. తిండి దొరికే కాలంలో బాగా తిని ఒంట్లో, తోకలో కొవ్వు పట్టిస్తుంది. ఎండు కాలం వస్తే రోజూ కొన్ని గంటలు ఒళ్లు చల్లబరచుకుని కదలకుండా పడి ఉంటుంది. ఈ మార్పుకు ముఖ్య కారణం కంటికి తెలిసే పగటి నిడివి అన్నాను. ఒక పాప లేచి "వాసన పని చేయదా సార్?" అంది. చేస్తుంది గానీ దాని స్థానం రెండోది అన్నాను. సరిగ్గానే చెప్పానా?

పెన్నా గట్టు:
సరిగ్గా చెప్పలేదు మాస్టారూ. ఆ జాతికి ముక్కే ప్రాణం. బలమైన మగదాని ఉచ్చ వాసన తగిలితే మిగతా మగవాటికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది. జత కోసం తిరగడానికీ కొట్లాడటానికీ ఎంత శక్తి కావాలి? ఆ ఖర్చు ఆపేది వాసనే అయితే అది రెండోది ఎట్లా అవుతుంది?

ఉదయగిరి మాస్టారు:
ఆ వాసన ఎప్పుడు పని చేస్తుందో కూడా చూడాలి. ఫ్రాన్స్‌లో పెరే, షిల్లింగ్ అనే పరిశోధకులు 1995లో రాసింది ఇదే: ఉచ్చ వాసనకు మగ లెమూర్ స్పందన పగటి నిడివిని బట్టి ఉంటుంది. పొద్దు తలుపు తీస్తేనే వాసన లోపలికి పోతుంది.

కావలి కుర్రోడు:
మన నెల్లూరులో జూన్ పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటల పావు. ఇంత చిన్న తేడా జంతువుకు తెలుస్తుందా?

ఉదయగిరి మాస్టారు:
మడగాస్కర్ పడమటి అడవుల్లోనూ తేడా రెండు గంటల పైచిలుకే. దానికి అది చాలు.

పెన్నా గట్టు:
పుస్తకం పక్కన పెట్టండి. మూడేళ్ల కిందట మా నిమ్మతోటలో దేవాంగ పిల్లి దొరికింది. పేరుకే పిల్లి, లెమూర్‌కు చుట్టమైన లోరిస్ అది. చెడు శకునమని ఊళ్లో వాళ్లు కొట్టబోతే తెచ్చి గదిలో పెట్టాం. అది ఉచ్చతో చేతులూ కాళ్లూ తడుపుకుని, పట్టుకున్న ప్రతి కొమ్మకూ తన వాసన అంటించేది. ఇక్కడే ఉన్న వెలిగొండ అక్క వచ్చి గదంతా ఫినాయిల్‌తో కడిగింది. ఆ రాత్రి నుంచి మిడత పెట్టినా ముట్టలేదు. నాలుగో రోజు పోయింది. వాసన రెండోదని నాకు చెప్పొద్దు.

ఉదయగిరి మాస్టారు:
బాధగా ఉంది అబ్బయ్యా. కానీ దేవాంగ పిల్లికీ లెమూర్‌కూ తడి ముక్కు ప్రైమేట్లన్న చుట్టరికం ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఇది తిండి మానితే అది లెమూర్ ఎండు కాలం పొదుపు కాదు.

వెలిగొండ:
ఫినాయిల్ మాట నిజం. తప్పు నాదే, అప్పుడు నాకు తెలియదు. మరి మూడు రాత్రులూ ట్యూబ్‌లైట్ ఎవరు వేసి ఉంచారు? రాత్రి తిరిగే జంతువు అది. రెండు చేతులతో కళ్లు మూసుకుని మూలన ముడుచుకుని కూర్చుంది. మీ చుట్టాలేమో ఫోన్లు పెట్టి ఫోటోలు!

పెన్నా గట్టు:
లైటు వేసింది పాము వస్తుందని. తిండి మానింది మాత్రం నువ్వు కడిగాకే.

కావలి కుర్రోడు:
ఇద్దరూ ఆపండి. కన్నూ ముక్కూ రెండూ చెడగొట్టాక ఏది ముందని తేల్చేదేంది?

వెలిగొండ:
నా గొడవ కన్ను, ముక్కు కాదు. మొదటి రాత్రే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తానంటే నా చేతిలో ఫోన్ లాక్కున్నావు. మూడేళ్లుగా ఫినాయిల్ ఫినాయిల్ అంటున్నావు, ఆ సంగతి ఒక్కసారి చెప్పలేదు.

పెన్నా గట్టు:
మా నాయన భయపడ్డాడక్కా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువు, తోటలో దొరికిందంటే మనల్నే లోపలేస్తారన్నాడు. ఆయన కాళ్లు వణకడం చూశాను. అందుకే లాక్కున్నాను.

వెలిగొండ:
దొరికిందని చెప్పడం నేరం కాదు, దాచుకోవడం నేరం. ఈ మాట ఆ రాత్రే నాతో అని ఉంటే మీ నాయన పక్కన కూర్చుని నేనే మాట్లాడేదాన్ని కదరా.