సమస్య: ‘తలుపు మూయఁగ నామని తరలి వచ్చె’

నిర్వాహకుడు, సీతమ్మధార:
ఈ వారం సమస్య, అంటే మీరు పద్యం చివర పెట్టి పూరించాల్సిన పాదం, తేటగీతి ఛందస్సులో ఉంది. తలుపు మూస్తే వసంతం ఎలా వస్తుందన్నదే చిక్కు. అయినా మనకది కొత్త కాదు, కళ్ళారా చూసిందే. కరోనాకి దేశమంతా తలుపులు వేసుకున్న తొలిరోజు 2020 మార్చి 25. శార్వరి ఉగాది కూడా ఆ రోజే. ఆ వేసవిలో మన విశాఖ మిద్దెల మీద పెయింటు డబ్బాల్లో, చేపలు తెచ్చే థర్మకోల్ పెట్టెల్లో ఎన్ని పాదులు పాకాయో! ఆ సంతోషాన్నే రాయండి. షరతు ఒక్కటే. మీరు స్వయంగా నీళ్ళు పోసి పెంచిన మొక్క పద్యంలో ఉండాలి. ‘పూలు, తుమ్మెదలు’ అని గాల్లో రాసినవి వద్దు.

పెదవాల్తేరు సభ్యురాలు:

వచ్చె శార్వరి, వీధులు వట్టిపోయె
వేపపూతకుఁ బోలేని వేళ నింట
మిద్దె మల్లెలు విరియఁగ మేలు మేలు
తలుపు మూయఁగ నామని తరలి వచ్చె

ఆ ఏడు ఉగాది పచ్చడిలో మాకు వేపపువ్వు లేదు. చెట్టు వీధి చివరే ఉన్నా అత్తయ్యగారు గడప దాటనివ్వలేదు. పచ్చడి చేదు లేకుండానే తిన్నాం. సాయంత్రం పైకి వెళ్తే కుండీ నిండా మొగ్గలు.

నిర్వాహకుడు:
అమ్మా, ‘వేపపూతకుఁ బోలేని వేళ’ అన్న ఒక్క మాటలో ఆ రోజంతా వచ్చేసింది. రెండో పాదం మూడో పాదంలోకి జారిన తీరూ బాగుంది. ‘మేలు మేలు’ మాత్రం యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం జత కుదరడం కోసం, వచ్చి కూర్చున్నట్టుంది. అక్కడ మొగ్గల వాసనో తెలుపో పడితే పద్యం ఇంకో మెట్టెక్కేది. మల్లెకు డిసెంబరు, జనవరుల్లో ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తేనే వేసవికి అలా విరగబూస్తుంది. అంటే తలుపులు మూయక ముందే మీరు దాని పని చూసి ఉంచారన్నమాట.

గాజువాక సభ్యుడు:

పిందె నిలువక రాలెడి బీరపాదు
మాపు మగపూవు నద్దఁగా మరలఁ గాచె
తీరి కన్నది లేనట్టి దినము లేగఁ
తలుపు మూయఁగ నామని తరలి వచ్చె

షిఫ్టు డ్యూటీల మనిషిని. పాదు ఎప్పుడు పూస్తుందో కూడా నాకు తెలిసేది కాదు. బీర పొద్దు వాలాకే పూస్తుంది. ఆడపువ్వు కింద వేలెడు పిందె ముందే ఉంటుంది, మగపూలు గుత్తిగా వస్తాయి. మా నాలుగో అంతస్తుకి పురుగూ పుట్రా రాక పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయేవి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆ పుప్పొడిని ఆడపువ్వు నడిమి మీద మెల్లగా అద్దేవాణ్ణి. రెండు మూడు రోజులకు పిందె మెడ ముదురాకుపచ్చకి తిరిగేది. ఆ రంగు చూశాక కలిగిన ఆనందం చెప్పడానికి నాకు తేటగీతి చాల్లేదు.

మర్రిపాలెం మాస్టారు:
బాబూ, నిజంగా పాదు దగ్గర నిలబడ్డవాడే రెండో పాదం రాయగలడు. మూడో పాదం చివర మాత్రం ఇబ్బంది ఉంది. ‘ఏఁగన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న పదం. దాని మీద ‘తలుపు’ ‘దలుపు’ అయి తీరాలి. అప్పుడు యతి చెల్లుతుంది గానీ ఇచ్చిన సమస్య మారిపోతుంది. కళతో, అంటే చివర ఆ ‘న్’ లేని పదంతో, ముగించి చూడు.

గాజువాక సభ్యుడు:
సరే మాస్టారూ. మూడో పాదం ఇలా మారుస్తున్నాను: ‘తీరి కన్నది లేనట్టి తీరు మారి’.

మర్రిపాలెం మాస్టారు:
ఇది ముందుదానికన్నా మేలు. రోజులు గడిచాయనడం కంటే బతుకు తీరు మారిందనడమే నీ పద్యానికి కావలసింది.

ఎం.వి.పి. కాలనీ సభ్యురాలు:
నేను దారి మార్చాను. ఆమని మా పక్కింటి పిల్ల.

పక్క యింటిది, మా పాప బడికిఁ దోడు
గోడ పైనుండి నారు మా కొసఁగ నెంచి
మిద్దె దారినె నవ్వుతో, మేము వీధి
తలుపు మూయఁగ నామని తరలి వచ్చె

మర్రిపాలెం మాస్టారు:
‘వీధి తలుపు’ను రెండు పాదాల మధ్య విరిచిన చోట నాకు చప్పట్లు కొట్టాలనిపించిందమ్మా. రెండో పాదంలో యతి తప్పింది. మాకు, ఒసఁగ కలిసి ‘మా కొసఁగ’ అయింది. అచ్చుసంధి జరిగిన చోట అచ్చుకే మైత్రి చూడాలి. ‘ఒ’కి ‘గో’తో కుదరదు.

ఎం.వి.పి. కాలనీ సభ్యురాలు:
‘గోడ పైనుండి నారంది కొనుఁ డటంచు’ అంటే సరిపోతుందా మాస్టారూ? అది టమాటా నారు. వంటింట్లో పండిపోయిన కాయ పిండి మొలిపించారు వాళ్ళు. మేము బదులుగా పోపులపెట్టెలోంచి ధనియాలు ఇచ్చాం, రెండు బద్దలుగా నలిపి చల్లమని.

మర్రిపాలెం మాస్టారు:
సరిపోయింది. ఆ ధనియాలకీ ఒక పద్యం బాకీ.

బీచ్ రోడ్డు సభ్యుడు:

ఉప్పుగాలికి వాడిన యొక్క మొక్క
గోనె పట్టాను గట్టఁగాఁ గోలుకొనియె
కడలి గాంచక నెలలయ్యెఁ గాని నేఁడు
తలుపు మూయఁగ నామని తరలి వచ్చె

నిర్వాహకుడు:
నాకు ఈ వారం పద్యాలన్నిటిలో ఇదే ఎక్కువ నచ్చింది. సముద్రం ఒడ్డున ఉంటూ సముద్రం చూడలేకపోవడం వేరే ఊరివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. బీచికి పోనివ్వలేదు, ఉప్పుగాలి మాత్రం మేడెక్కి ఆకు అంచులు మాడ్చింది. ‘కోలుకొనియె’ అన్న మాట ఆ రోజుల్లో మనం మనుషుల గురించే, భయంభయంగా, వింటూ ఉండేవాళ్ళం. దాన్ని మొక్కకు వేయడం పెద్ద పని. ఒక్క లోటు చెప్పాలి: ఏ మొక్కో తెలియలేదు. ‘ఒక్క మొక్క’ అని వదిలేశారు.

బీచ్ రోడ్డు సభ్యుడు:
వంగ. యతికి లొంగలేదు.

కొమ్మాది సభ్యురాలు:
నేను పూరించలేకపోయాను. మా ఇల్లు జాతీయ రహదారి పక్కనే. ఆ మే నెలలో నేను మిద్దె మీద తోటకూరకి నీళ్ళు పోస్తుంటే కింద ఒడిశా వైపు నడిచిపోయేవాళ్ళు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. తోట ఇచ్చిన సంతోషం అబద్ధం కాదు. కానీ ఆమని గురించి రాద్దామని కూర్చుంటే వాళ్ళే కళ్ళ ముందుకొచ్చారు. వచ్చింది ఈ ఒక్క పాదమే: ‘కూలివారికిఁ దలుపేది? కొంప యేది?’

గాజువాక సభ్యుడు:
అక్కా, గణాలు, యతి అన్నీ సరిగ్గా కుదిరాయి.

నిర్వాహకుడు:
కుదిరాయి. దీన్ని ఈ సమస్యకు కలపమని నేనడగను. వచ్చే వారానికి ఇదే ఇస్తున్నాను, చివరి పాదంగా:

కూలివారికిఁ దలుపేది? కొంప యేది?

తేటగీతిలోనే పూరించండి. ఆదివారం రాత్రి వరకు తీసుకుంటాను. కొమ్మాది అమ్మా, మొదటి పూరణ మీదే కావాలి. ఆ తోటకూర కూడా అందులో ఉండనివ్వండి.