అనంతపురం నుంచి గోవా: పెద్దవాళ్లు, పిల్లలతో ఎప్పుడు పోవాల, ఎట్ల పోవాల?

ప్రశ్న (అనంతపురం):
మొత్తం ఆరుగురం: అమ్మానాన్న, మేమిద్దరం, పదేళ్లలోపు పిల్లలిద్దరు. చేతిలో నాలుగు రోజులు. సంక్రాంతి సెలవులా, ఎండాకాలం సెలవులా? రైలా, కారా? పిల్లలకు సముద్రం కావాల, అమ్మకు గుడులు కావాల. అమ్మ మాంసం ముట్టదు. బస ఏ పక్క మంచిది?

జవాబు (గుంతకల్):
సంక్రాంతికి పోండన్నా. మే నెలలో ఉక్క, జూన్‌లో వానలు దిగినాక సముద్రంలోకి దిగనివ్వరు. క్రిస్మస్ నుంచి జనవరి 2 దాకా మాత్రం వద్దు, గది అద్దెలు అమాంతం పెరుగుతాయి.

హౌరాలోని షాలిమార్ నుంచి గోవాలోని వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్, బళ్లారి, హుబ్లీ మీదుగా పోతుంది. 2024 నుంచి సికింద్రాబాద్-వాస్కో బండి కూడా వారానికి రెండు రోజులు కర్నూలు, డోన్, గుంతకల్ మీదుగా నడుస్తోంది. మీరు గుంతకల్‌కు వచ్చి ఎక్కాల. కడపోళ్లకూ అదే దారి. బండి మారేటప్పుడు కనీసం మూడు గంటలు ఎడం పెట్టుకోండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ టికెట్లు ఆ పొద్దే తీయాల.

క్యాజిల్ రాక్ స్టేషన్ దాటినాక కుళెం స్టేషన్ దాకా ఘాటు, అంటే కొండదారి. 37 అడుగులకు ఒక అడుగు వాలు కాబట్టి అదనపు ఇంజన్లు తగిలించి నిదానంగా దింపుతారు. 310 మీటర్ల దూధ్‌సాగర్ జలపాతం ఈ దారిలోదే. దాని కోసం బండి దిగి పట్టాల మీద నడవొద్దు, అది నేరం. కుళెం నుంచి జీపులుంటాయి, వానాకాలంలో తిరగవు. ఇంకోమాట, టికెట్ మడగావ్ వరకే తీయండి. దక్షిణ గోవాలో బస చేసేవాళ్లు వాస్కో దాకా పోతే మళ్లీ వెనక్కి రావాల.

జవాబు (ప్రొద్దుటూరు):
కారైతే 67వ నంబరు జాతీయ రహదారి. మన ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి మీదుగా పోయేదే బళ్లారి, హొసపేట, గదగ్, హుబ్లీ దాటి రామనగర్ చేరుతుంది. అక్కడి నుంచి అన్‌మోడ్ ఘాటు దిగితే గోవా. మీరు ఉరవకొండ మీదుగా బళ్లారిలో కలవొచ్చు. రాత్రికి హుబ్లీలో ఆగి, ఘాటు పగలు దిగండి. రెండో గేరులో దిగాల, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

అక్కడ బండి అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి అద్దెకిచ్చేది చట్టవిరుద్ధం, పట్టుకుంటే ఇబ్బంది మీకే.

జవాబు (కర్నూలు):
బస కోల్వా, బెనోలిం పక్క చూసుకోండన్నా. మడగావ్‌కు దగ్గర, ఉత్తర గోవాతో పోలిస్తే రద్దీ తక్కువ. ఒక పూట పాలోలెం పోండి, చంద్రవంక లాంటి ఒడ్డు, అలల జోరు తక్కువ.

పిల్లలకు బావిలో ఈత వచ్చు గదా అని మాత్రం వదలొద్దు. బావి నీళ్లు నిలకడ, సముద్రం లాగుతుంది. ఒడ్డెక్కిన నీళ్లు వెనక్కి పోను ఒక సన్నటి దారి చేసుకుంటాయి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే, నడుమ ఆ చోట నురగ లేకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో కనబడుతుంది. తెలియనివాళ్లు అదే నెమ్మదైన చోటనుకుని దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గినాక ఒడ్డు వైపు తిరగాల. అంత ఈత రాకుంటే వెల్లకిలా తేలుతూ చేయెత్తి పిలవాల. ఎర్ర, పసుపు రంగులు కలిసిన జెండాల నడుమే దిగండి, ఒట్టి ఎర్ర జెండా ఉంటే అసలు దిగొద్దు. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, చేయి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లుండాల. చీర తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది, అమ్మను ఒడ్డునే ఉండమనండి.

జవాబు (కడప):
గుడులకు ఒక రోజు తీయండి. పెద్ద గుడులు చాలావరకు ఫోండా చుట్టుపక్కలే. పోర్చుగీసువాళ్లు గుడులు కూలుస్తున్న కాలంలో, 1560లో, కుశస్థలి ఊళ్లోని మంగేశి (శివుడు) లింగాన్ని నది దాటించి, వాళ్ల ఏలుబడి లేని ప్రియోళ్‌కు తెచ్చుకున్నారు. కవళెం శాంతాదుర్గ కూడా అట్ల తరలివచ్చిన తల్లే. మన గాలిగోపురాలు ఉండవు. గుమ్మటం, కోనేరు, దీపాలు పెట్టే ఎత్తైన స్తంభం (దీపమాల) ఉంటాయి. మంగేశిలో అది ఏడంతస్తులు. సాయంత్రం పాత గోవాలో బోం జీసస్ చర్చి చూడండి. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివ దేహం ఉన్న వెండి పెట్టె గోవా పనివాళ్లు చేసింది, కింది పాలరాతి పీఠం ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి వచ్చింది. రెండు చోట్లా భుజాలు, మోకాళ్లు కప్పుకుని పోవాల.

అమ్మకు పొద్దున పావ్ భాజీ సరిపోతుంది. అది బొంబాయి రకం కాదు, బఠానీనో అలసందలో వేసి చేసే పల్చటి కూర. ఖత్‌ఖతె అనే కూరగాయల పులుసు దొరికితే తప్పకుండా తినిపించండి. చోరిజ్, సొర్పోతెల్ రెండూ పంది మాంసం. షకుతి కోడిదో మేకదో, అడిగి చెప్పించుకోండి.