అప్‌డేట్: కాంగ్‌లో ఎండిపోయిన కాలువ సంగతి తేలింది

జులైలో ఇక్కడే అడిగాను గుర్తుందా? ఐర్లాండ్‌లో మేయో, గాల్వే కౌంటీల సరిహద్దున కాంగ్ అనే ఊళ్లో రాతి లాకులతో సహా పెద్ద కాలువ ఉంది, చుక్క నీరు లేదు, ఎందుకని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

సున్నపురాయి వల్ల అన్నవాళ్లే కరెక్ట్. మొన్న మళ్లీ వెళ్లినప్పుడు ఊళ్లో ఒక గైడ్‌గారు విడమరిచి చెప్పారు. ఉత్తరాన మాస్క్ సరస్సు, దక్షిణాన కారిబ్. రెంటి మధ్య పడవలు నడపాలని 1848లో, మహాకరువు రోజుల్లో, పని మొదలుపెట్టారు. తిండికి లేనివాళ్లే ఆ రాయి కొట్టారు. కానీ అక్కడి నేలంతా సున్నపురాయే, దాన్నిండా బీటలు, బొరియలు, నీళ్లు నిలవవు. ఖర్చు పెరిగింది, ఈలోపు రైళ్లూ వస్తున్నాయి. 1854లో ఆపేశారు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాణ్ణి, ఆ ఎండు లాకులు చూస్తే అదోలా అనిపించింది.

మరి మాస్క్ నీరు ఎటు పోతోంది? భూమి అడుగునుంచే కారిబ్‌కి. పక్క అడవిలో పిజన్ హోల్ గుహ ఉంది, తప్పక దిగండి. రాతిమెట్లు తడితడిగా జారతాయి, గోడ పట్టుకునే దిగాను. కింద చీకట్లో, ఫోన్ లైటు వేస్తే, నిశ్శబ్దంగా పారుతున్న నీరు!

జవాబుల్లో కొందరు ఊహించిన వర్షాభావం, లాకుల రిపేరు, మ్యాప్ తప్పు... ఇవేవీ కావు. చలికాలంలో బాగా వానలు పడితే మాత్రం ఆ కాలువలో నీళ్లు కనబడతాయట. అప్పుడు జవాబుగా ఒకరు పెట్టిన, కాలువలో నీళ్లున్న ఫొటో అలా వానలు పడ్డప్పటిదే అయ్యుంటుంది.