‘స్పెల్’ని మంత్రం అనవచ్చా?

ప్రశ్న

ఆధునిక పేగన్ సాధనను (క్రైస్తవానికి ముందు ఐరోపాలో ఉన్న ఆరాధనల స్ఫూర్తితో నడిచేది) ఎవరికి వారు ఇంట్లోనే మొదలుపెట్టుకోవడానికి పనికొచ్చే చిన్న కరదీపిక ఒకటి తెలుగులోకి వస్తోంది. చిత్తుప్రతిలో ‘స్పెల్’ కనబడిన ప్రతిచోటా ‘మంత్రం’ అని పడింది. కొవ్వొత్తి మంత్రం, ముడుల మంత్రం, మూలికల మూట మంత్రం. చదువుతుంటే తేడా కొడుతోంది. వీటిలో చాలావాటికి పైకి పలికే మాటే లేదు. మరి ఏమనాలి? విచ్, పేగన్, ఆల్టర్, సర్కిల్, డార్క్ మూన్‌లకు కూడా మాటలు కావాలి. ఆ పనులు తెలిసినవారు చెబితే మేలు.

జవాబు 1

ఇంగ్లిష్ మాట పుట్టుక చూస్తే చిత్తుప్రతి రాసినవారిది పూర్తిగా తప్పనలేం. పాత ఇంగ్లిష్‌లో ‘స్పెల్’ అంటే మాట, కథ. ‘గాస్పెల్’లో ఉన్న స్పెల్ అదే, మంచి మాట అని. మంత్రించి పలికే మాట అన్న అర్థం తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆ సాధన చేసేవారి వాడుకలో స్పెల్ అంటే మొత్తం పని: సంకల్పం, సామగ్రి, చేత, ముగింపు. మాట అందులో ఒక భాగం, అదీ ఉంటే. కాబట్టి నా ఓటు ‘ప్రయోగం’కే. తెలుగులో ఈ మాటకు మూడు ముఖాలున్నాయి: తాంత్రిక ప్రయోగం, శాస్త్ర ప్రయోగం, కర్మణి ప్రయోగం లాంటి వాడుక. మూడూ ఇక్కడికి సరిపోతాయి. చేసి, ఏమైందో రాసుకుని, మార్చి మళ్లీ చేసేదే కదా ఇది.

కొవ్వొత్తి ప్రయోగాన్ని విప్పి చూస్తే తేలిపోతుంది. సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, వేలికన్నా సన్నంగా ఉన్న కొవ్వొత్తి చాలు. అది గంటన్నర నుంచి రెండు గంటల్లో కాలిపోతుంది, దగ్గర కూర్చోవడం కుదురుతుంది. గాజు పాత్రలో పోసిన పెద్దవి తెచ్చుకుంటే చివరిదాకా ఎవరూ కూర్చోరు, వదిలేసి వెళ్తారు. ప్రమాదం అక్కడే. సంకల్పాన్ని సూదితో కొవ్వొత్తి ఒంటిమీద గీకాలి. రెండు మూడు చుక్కల వంటనూనె పలచగా రాయాలి, వత్తి దగ్గర రెండు సెంటీమీటర్లు వదిలేయాలి. ఎండు మూలికల పొడి అద్దాలంటే చిటికెడే. ఒళ్లంతా దొర్లిస్తే ఆ ఆకులే రెండో వత్తి అయి పక్కనుంచి మంట లేస్తుంది. కొవ్వొత్తికి లోహపు స్టాండు, దాని కింద పింగాణీ పళ్లెం. మంట ఎగిరినా, మసి పట్టినా ‘ఎవరో అడ్డుపడుతున్నారు’ అనుకోవడం కొత్తవారికి అలవాటు. ముందు వత్తి చూడండి. ఆరు మిల్లీమీటర్లకు కత్తిరిస్తే, కిటికీ మూస్తే ఆ ‘అడ్డు’ చాలాసార్లు తొలగిపోతుంది.

ఇంత పనిలో మంత్రం ఎక్కడుందో చెప్పండి.

జవాబు 2

అర్థం కుదిరింది గానీ వాసన కుదరలేదు. ‘వాళ్లమీద ఎవరో ప్రయోగం చేశారు’ అంటే తెలుగువాడికి గుర్తొచ్చేది చేతబడి, బాణామతి, చిల్లంగి. కరదీపికలోని పనులేమో నిద్ర పట్టడానికి, చదువు మీద మనసు నిలవడానికి. ‘తంతు’ అనకూడదా?

జవాబు 1 రాసినవారే

తంతు అంటే ఇప్పుడు మనసు పెట్టకుండా ముగించేది. ‘మొక్కుబడి తంతు’ అన్నాక దాన్ని బాగుచేయడం కష్టం. ‘క్రియ’ అంటే వ్యాకరణం. ప్రయోగానికున్న చెడువాసన ‘మీద’ అన్న మాటతో వస్తోంది చూడండి. ఒకరి మీద ప్రయోగం వేరు, ఒకదాని కోసం ప్రయోగం వేరు. ‘నిద్ర కోసం ప్రయోగం’ అని రాస్తే ఎవరూ జడుసుకోరు. సాధనలో నియమం కూడా అదే దారిలో ఉంది: ఎదుటివారి కోసం చేస్తే వారిని అడిగి చేయడం. విభక్తి సరిగా పడితే నీతి కూడా సగం కుదురుతుంది.

జవాబు 3

విచ్, పేగన్ గురించి. ‘మంత్రగత్తె’లో -గత్తె తప్పేమీ చేయలేదు, అందగత్తెలోనూ పాటగత్తెలోనూ ఉన్నది అదే. తప్పంతా ఆ మాటను వాడిన తీరుది. తెలుగులో అది ఎవరూ తమకు తాము పెట్టుకున్న పేరు కాదు, పక్కవారి మీద వేసిన నింద. ఆ నిందతో మనుషులను కొట్టారు, చంపారు. అందుకని కరదీపికలో ‘విచ్’ అనే ఉంచండి. పైగా ఇంగ్లిష్‌లో ఈనాటి సాధకులు ఆడ మగ ఇద్దరికీ అదే అంటారు. పాత ఇంగ్లిష్‌లో మగవాడికి ‘విచ్చా’, ఆడదానికి ‘విచ్చె’ అని విడిగా ఉండేవి. ఆ మొదటి దాని రాతరూపాన్నే ఇప్పుడు ‘వికా’ అని పలుకుతున్నాం. మగవారికి ‘వార్లాక్’ అని మాత్రం పెట్టకండి. దాని మూలార్థం మాట తప్పినవాడు.

వికా, విచ్‌క్రాఫ్ట్, పేగనిజం ఒకటి కావన్నది కూడా ఒక వాక్యంలో చెప్పాలి. వికా ఒక మతం. 1735 నాటి మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయ్యాక బ్రిటన్‌లో బయటపడింది. దాన్ని జనంలోకి తెచ్చిన గెరాల్డ్ గార్డ్‌నర్ 1954 నాటి తన పుస్తకంలో ఆ పేరును ఇప్పటిలా రెండు ‘సి’లతో కాక ఒక్క ‘సి’తోనే రాశాడు. విచ్‌క్రాఫ్ట్ ఒక విద్య, ఏ దేవుణ్ణీ నమ్మనివారూ చేస్తారు. ఇక్కడ ‘క్రాఫ్ట్’కి ‘విద్య’ను మించిన మాట లేదు, గారడీ విద్యలో ఉన్న విద్య అదే. ‘క్షుద్ర’ అనే తోక తగిలించకుండా ఉంటే చాలు.

పేగన్‌కు ‘అన్యమతస్థుడు’ అని నిఘంటువులు ఇస్తాయి. అది అవతలి గట్టున నిలబడి పిలిచే పిలుపు. ‘ప్రకృతి ఆరాధకుడు’ అంటే ఇరుకు. నార్స్ దేవతలను కొలిచే ఐస్‌లాండ్ వారి సంఘానికి 1973లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, వారిని ఉత్త చెట్టూపుట్టా కొలిచేవారనలేం. లాటిన్‌లో ‘పాగుస్’ అంటే పల్లెసీమ, ‘పాగానుస్’ పల్లెవాడు. మన ‘గ్రామ్యం’ నడిచిన దారీ ఇదే కదా: గ్రామంలోంచి వచ్చింది గనుక తక్కువది. గ్రాంథిక, వ్యావహారిక వాదాల్లో గ్రామ్యం అన్న మాటతో ఎంత గొడవ జరిగిందో భాష గురించి మాట్లాడుకునే ఈ గుంపులో వేరే చెప్పక్కర్లేదు. అనువదించకుండా ‘పేగన్’ అనే రాసి, ఈ పోలిక ముందుమాటలో చెప్పండి.

జవాబు 4

సర్కిల్‌కు అచ్చతెలుగు మాట ఉంది: గిరి. ‘గిరి గీసుకుని కూర్చున్నాడు’ అంటాం కదా, హద్దు పెట్టుకోవడం అని. వలయం, వృత్తం లెక్కల పుస్తకంలోవి. తీసేటప్పుడు ‘గిరి విప్పడం’ అనండి. ఆల్టర్‌ను ‘బలిపీఠం’ అనడం బైబిలు అనువాదాల అలవాటు. ఇక్కడ బలి లేదు, పీఠం చాలు. అరచేతి వెడల్పు పలక అయినా పీఠమే. కదిలించడానికి వీలుగా ఒక పళ్లెంలో సర్దుకుంటే ఇంకా మంచిది.

ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. వికాలో వాడుకగా తూర్పుకు గాలి, దక్షిణానికి నిప్పు, పడమరకు నీరు, ఉత్తరానికి భూమి. దీన్ని ‘పంచభూతాలు’ అని అనువదిస్తే పాఠకుడు వెంటనే దిక్పాలకుల లెక్కన ఆగ్నేయంలో నిప్పు, వాయవ్యంలో గాలి పెట్టేస్తాడు. పడమర నీరు ఒక్కటే రెండు లెక్కల్లోనూ కలుస్తుంది. కాబట్టి ‘నాలుగు భూతాలు, నాలుగు దిక్కులు’ అని రాసి పట్టిక ఇవ్వండి. ఐదోది వారికి ‘స్పిరిట్’, నడిమధ్య ఉంటుంది, ఆకాశం కాదు. సూర్యుడు వెళ్లే వైపు తిరగడం మనకు ప్రదక్షిణం, ఎదురు తిరగడం అప్రదక్షిణం. గిరి గీసేది మొదటి దానితో, విప్పేది రెండో దానితో. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవారికి సూర్యుడు ఉత్తరాన కనబడి కుడి నుంచి ఎడమకు నడుస్తాడు. అందుకే అక్కడ చాలామంది దిశనూ, నిప్పు భూమి చోట్లనూ తారుమారు చేసుకుంటారు.

వరుసకు మన పూజ మాటలే పనికొస్తాయి: శుద్ధి, నేలపట్టు, గిరి, ఆవాహన, ప్రయోగం, నివేదన, ఉద్వాసన, గిరి విప్పడం, రాసుకోవడం. నేలపట్టు అన్నది ‘గ్రౌండింగ్’కి నేను కట్టిన మాట: పాదాలు నేలకు ఆన్చి, పది నెమ్మది ఊపిరులు లెక్కపెట్టడం. దీన్ని చివర్లో మళ్లీ చేయకపోతే తల తేలినట్టుంటుంది, నిద్ర పట్టదు. నివేదనలోని తిండి తినడం కూడా అందుకే. ఉద్వాసన అంటే ఈకాలంలో కొలువు ఊడటమే కదా అని నవ్వుతారేమో, నవ్వనివ్వండి. పిలిచినవారిని మర్యాదగా పంపడం మరిచిపోవడమే కొత్తవారు చేసే మొదటి తప్పు, ఆ మాట నవ్వుతోనైనా గుర్తుంటుంది.

జవాబు 5

చంద్రుడి దగ్గర మనకు మాటల కరువు లేదు, అనువాదకులే ‘పెరుగుతున్న చంద్రుడు’ అని తంటాలు పడుతున్నారు. శుక్లపక్షం, బహుళపక్షం ఉన్నాయి. పెంచే పనులు మొదటి దాంట్లో, వదిలించుకునే పనులు రెండో దాంట్లో. ‘డార్క్ మూన్’ అమావాస్య. ఆ తర్వాత సన్నగా కనబడే మొదటి రేకను ‘న్యూ మూన్’ అనేవారు కొందరున్నారు, అది మన నెలపొడుపు. ఈ రెండింటినీ అమావాస్య అనేస్తే విశ్రాంతి రోజున కొత్త పని మొదలవుతుంది. ఇద్దరు రచయితలు ఒకే మాటను వేర్వేరు రోజులకు వాడి ఉంటారు, మూలం చూసి తేల్చుకోవాలి.

పేగన్ల ఏడాది చక్రంలోని ఎనిమిది పండుగల పేర్లు అలాగే ఉంచండి. ఆ ఎనిమిదీ ఒక్క చక్రంగా చేరింది 1950ల్లో బ్రిటన్‌లోనే. ‘యూల్’కి ‘ఉత్తరాయణ ప్రవేశం’ అని మాత్రం రాయకండి. పంచాంగం ప్రకారం అది జనవరి 14 లేదా 15. యూల్ డిసెంబరు 21 ప్రాంతంలో. పంచాంగం వాడే నిరయన (నక్షత్రాలను బట్టి వేసే) లెక్కకూ ఆకాశంలో నిజంగా సూర్యుడు మళ్లే రోజుకూ ఇప్పుడు దాదాపు 24 రోజుల తేడా. ‘శీతాకాలపు అయనాంతం’ అంటే గందరగోళం ఉండదు. దక్షిణార్ధగోళంలో యూల్ జూన్‌లో.

మొదటి ఏడాది ఎనిమిదీ చేయాలని కూర్చుంటే మూడోదానికే మానేస్తారు. రెండు అయనాంతాలు, నెలకో పౌర్ణమి, రోజుకు ఐదు నిమిషాల నేలపట్టు చాలు.

జవాబు 6

‘గ్రిమ్వార్’ (మంత్రవిద్య పుస్తకం) గురించి ఎవరూ అడగలేదు గానీ ఈ గుంపులో చెప్పకుండా ఉండలేం. అది ఫ్రెంచిలో వ్యాకరణం అన్న మాటే, రూపం మారింది. మొదట్లో మాయ అని అర్థమిచ్చిన ‘గ్లామర్’ కూడా ‘గ్రామర్’కి స్కాట్లండ్ పలుకుబడి. చదువురాని జనానికి చదువే మంత్రవిద్యలా కనిపించింది. కరదీపికలో మాత్రం ‘సాధన పుస్తకం’ అనేయండి. ఒక్కో ప్రయోగానికి ఒక పేజీ: తేదీ, తిథి, సంకల్పం అక్షరం పొల్లుపోకుండా, వాడినవి కొలతలతో, ఫలితానికి గడువు. కింద సగం పేజీ ఖాళీ. గడువు తీరాక నింపాలి. ఆ ఖాళీ వదలకపోతే కుదిరినవే గుర్తుంటాయి, కుదరనివి మాయమవుతాయి.

జవాబు 7

‘సిజిల్’కి, అంటే సంకల్పాన్ని అక్షరాలు కలిపి గీసిన బొమ్మకు, యంత్రం అనవచ్చు గానీ చేసే పద్ధతి తెలుగు లిపికి మార్చాలి, ఉత్త అనువాదం కుదరదు. ఇంగ్లిష్ చిత్రకారుడు ఆస్టిన్ ఆస్మన్ స్పేర్ (1886–1956) పద్ధతి నుంచి వచ్చిన దారి ఇది: వాక్యం రాయి, మళ్లీ వచ్చిన అక్షరాలు కొట్టేయి, మిగిలినవి ఒకే బొమ్మగా కలుపు. ఇంగ్లిష్‌లో అచ్చులు తీసేయమంటారు. మనకు అచ్చు గుణింతంలో ఉంది కాబట్టి హల్లులే తీసుకోవాలి.

ముందు వాక్యం. వర్తమానంలో ఉండాలంటారు. తెలుగులో ‘నేను రోజూ రాస్తాను’ అంటే అలవాటూ కావచ్చు, రేపటి మాటా కావచ్చు. రేపటి మాట ఎప్పుడూ రేపే. ‘నేను రోజూ రాస్తున్నాను’ అనాలి. ‘బద్ధకించను’ లాంటి వ్యతిరేక రూపాలు వద్దు, బొమ్మలో మిగిలేది బద్ధకమే. ఇక హల్లులు: న, న, ర, జ, ర, స, త, న, న, న. ఒత్తును కూడా విడి హల్లుగా లెక్కించాలి. కొట్టేస్తే న, ర, జ, స, త మిగులుతాయి. తలకట్లు తీసేయండి. మన అక్షరాలు గుండ్రనివి గనుక ఒకదాన్ని ఇంకొకదానిలో దూర్చడం తేలిక, రోమన్ లిపిలో గీతలు కోణాలై గుచ్చుకుంటాయి. ఐదు నుంచి ఏడు హల్లులు మిగలాలి. పదికి మించితే వాక్యం పొడవైందన్నమాట, బొమ్మ దారపు ఉండ అవుతుంది. చూడగానే వాక్యం చదవగలిగితే ఇంకా కలపాలి.

అడిగినవారు

స్పెల్‌కు ప్రయోగం, సర్కిల్‌కు గిరి, ఆల్టర్‌కు పీఠం, డార్క్ మూన్‌కు అమావాస్య, సిజిల్‌కు యంత్రం తీసుకుంటున్నాం. విచ్, పేగన్ అలాగే ఉంటాయి. ఇంకొక్కటి: ‘స్మడ్జింగ్’?

జవాబు 4 రాసినవారే

ఆ మాట వద్దు. అమెరికా మూలవాసుల ఒక ప్రత్యేక క్రతువుకు అది పేరుగా పడిపోయింది. అందులో వాడే తెల్ల సేజ్ దక్షిణ కాలిఫోర్నియా, బాహా ప్రాంతాల్లో పుట్టే మొక్క, అడవిలో దొంగతనంగా కోసి అమ్ముతున్నారు. ‘ధూపం వేయడం’ అంటే సరిపోతుంది, రోజ్‌మేరీ లాంటి వంటింటి ఆకుతోనే చేయవచ్చు. బొగ్గుబిళ్ల వాడితే అడుగున మూడు సెంటీమీటర్ల ఇసుక పోసిన పాత్రలో పెట్టి, పైన బూడిద రంగు వచ్చాకే ధూపద్రవ్యం వేయాలి. కిటికీ తెరవాలి, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

శుద్ధి అధ్యాయంలో ‘రాళ్లను ఉప్పునీటిలో నానబెట్టండి’ అని ఉంటే అక్కడ ఒక గమనిక పెట్టండి. సెలినైట్ నీటికి మెల్లగా కరుగుతుంది, పైరైట్ తుప్పు పడుతుంది, రాగి ఉన్న మాలకైట్ నానిన నీరు తాగకూడదు. అమెథిస్ట్‌ను రోజుల తరబడి ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. వాడిన ఉప్పునీళ్లు మొక్కల మొదట్లో కాదు, తూములో పోయమని రాయండి. ‘భూమికి తిరిగి ఇవ్వండి’ అన్న మూలవాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే కుండీలు చస్తాయి.