ఎం83 డబుల్ ఆల్బమ్: రెండో డిస్క్ దగ్గర నిద్ర నాకొక్కడికేనా?

రాత్రి_డ్యూటీ: ఎం83 (ఫ్రాన్స్ వాడు గొంజాలెజ్ నడిపే బ్యాండు) వాళ్ల ఆల్బమ్ 'హర్రీ అప్, వియ్ ఆర్ డ్రీమింగ్' ఈ వారం మూడోసారి మొత్తం విన్నాను. మొదటి డిస్క్‌కి దండం పెట్టాలి. రెండోది మొదలయ్యాక అన్నీ ఒకేలా ఉన్నాయి, మధ్యలో నిమిషంన్నర రెండు నిమిషాల తుంపులు, కళ్లు మూతలు పడుతున్నాయి. పిచ్‌ఫోర్క్ అనే మ్యూజిక్ రివ్యూ సైట్ వాళ్లేమో 2011లో పదికి 9.1 ఇచ్చేశారు. అసలు 22 ట్రాకులు అవసరమా? మీరు ఒకే బిగిన వింటారా, ముక్కలుగానా? ఇంకొకటి, ఎల్పీ (పెద్ద రికార్డు ప్లేటు) కొనొచ్చా?

టేపురికార్డర్: పేరులోనే కల అని పెట్టాడు, నిద్ర వస్తే తప్పేముంది తమ్ముడూ. 2012లో నేను హాస్టల్లో ఉండేవాణ్ణి. కరెంటు పోతే అందరం మేడ మీదికి పోయేవాళ్లం. నీళ్ల ట్యాంకుకి ఆనుకుని ఇందులోని 'వెయిట్' పాట పెట్టుకుంటే, ఎప్పుడూ చూడని ఊరు ఏదో గుర్తొచ్చినట్టుండేది. అందరూ ఈ ఆల్బమ్‌ని ఎనభైల జ్ఞాపకం అంటారు. మన ఎనభైలు దూరదర్శన్, గ్యాస్ కనెక్షన్ కోసం ఎదురుచూపులు. అమెరికా కార్లూ నియాన్ దీపాలూ మనకెక్కడివి? ఆ గొంజాలెజ్‌వి కూడా కావు, అతనిది ఫ్రాన్స్‌లో ఆంతీబ్. సినిమాల్లో చూసిన బాల్యాన్ని తనదనుకుని రాశాడు. అరువు జ్ఞాపకం. అందుకే మనకీ సరిపోయింది.

వాల్యూమ్_పదకొండు: ముందు దాన్ని డబుల్ ఆల్బమ్ అనడం మానండి. మొత్తం 73 నిమిషాలు. ఒక్క సీడీలో పట్టేస్తుంది. రెండు డిస్కులు చేసి అమ్మడం వ్యాపారం.

సిరిమల్లె: వ్యాపారమా? రెండు డిస్కులూ అక్కాతమ్ముళ్లలాంటివని గొంజాలెజ్ గారే చెప్పారు. ఇందులో ఉన్న ప్రతి పాటకీ అందులో ఒక తోడు ఉంటుంది. 11, 11. ఒక్క డిస్క్‌లో కుక్కితే ఆ సంగతే పోతుంది.

వాల్యూమ్_పదకొండు: తోడు ఉందని ఆయన చెబితే మీకు వినిపించిందా? ఏ పాటకి ఏది తోడో చెప్పండి చూద్దాం. ఆయనకి స్ఫూర్తి అమెరికా రాక్ బ్యాండు స్మాషింగ్ పంప్కిన్స్ 1995 ఆల్బమ్ కదా, అందులో 28 పాటలు, రెండు గంటలు. డబుల్ అంటే అదీ. ఇది ఒకటిన్నర కూడా కాదు.

సిరిమల్లె: గడియారం పట్టుకుని పాటలు వినేవాళ్లకి నేనేం చెప్పను.

ఫేడర్_బాబాయి: పన్నెండేళ్లుగా మిక్సింగ్ చేస్తున్నాను, నేను చెప్తా వినండి. మీరిద్దరూ సీడీ చుట్టూ తిరుగుతున్నారు. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాలు దాటితే గాడులు సన్నబడి సౌండ్ తగ్గుతుంది. 73ని నాలుగు వైపులకి పంచితే వైపుకి 18 చిల్లర. అంటే రెండు ప్లేట్లు కావాల్సిందే. తగవు తీరింది. రాత్రి_డ్యూటీ, ఎల్పీ కొను. ఇంకో మాట, 'మిడ్‌నైట్ సిటీ' మొదట్లో వచ్చే ఆ కూతని అందరూ సింథ్ అనుకుంటారు. అది గొంజాలెజ్ గొంతే, సాగదీసి పిండేశాడు. నేను మొదటిసారి వినగానే కనిపెట్టాను.

కొబ్బరాకు: వినగానే కనిపెట్టారా, ఇంటర్వ్యూ చదివాకా బాబాయ్? 😀

ఫేడర్_బాబాయి: ఎవరి పని వాళ్లకి తెలుస్తుంది. మీకు కంప్రెసర్ అంటే ఫ్రిజ్‌లో ఉండేదే తెలుసు, సౌండ్‌ని అదుపు చేసేది తెలీదు.

కొబ్బరాకు: సరే, తమరి జ్ఞానానికి నమస్కారం. కానీ ఆ పాట చివర్లో సాక్సోఫోన్ గురించి ఎవరూ మాట్లాడరేం? పాటంతా అంత చక్కగా కట్టి చివర్లో పెళ్లి బ్యాండు తెచ్చాడు. పిచ్‌ఫోర్క్ వాళ్లు ఆ ఏడాది నంబర్ వన్ పాటగా ఎంచుకున్నది దీన్నే అంటే నవ్వొస్తుంది.

టేపురికార్డర్: పెళ్లి బ్యాండు అంటే చిన్నచూపా? ఆ సాక్సోఫోన్ లేకపోతే ఆ పాట ఎవరికి గుర్తుండేది?

సిరిమల్లె: సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారు. 'డ్యూయెట్'లో రెహమాన్ వాయింపించింది వినండి. అందులో గమకం ఉంది, ఇందులో ఊపిరి మాత్రమే ఉంది. అయినా నాకిష్టం.

వాల్యూమ్_పదకొండు: ఇక్కడ కూడా ఫ్రెంచి అబ్బాయికి గమకం పరీక్ష పెట్టేశారు. బాగుంది.

సిరిమల్లె: మీకన్నీ ఎగతాళే. డబుల్ కాదన్నారు, బాబాయి ప్లేట్ల లెక్క చెప్పగానే నోరు మెదపలేదు.

వాల్యూమ్_పదకొండు: ప్లేటు లెక్క ప్లేటుది, నేను మాట్లాడింది సీడీ గురించి. నా మాట మీద నేను ఉన్నాను. మీతో మాట్లాడటం నాదే బుద్ధి తక్కువ.

మామిడితాండ్ర: పిల్లలున్నవాళ్లకి ఒక మాట. ఫ్రెంచి పేరుతో ఒక ట్రాక్ ఉంటుంది, ఒక చిన్నపాప చిన్న కప్ప గురించి చెబుతూ పోతుంది. నిర్మాత కూతురట ఆ పాప. నేను వింటే సిగ్గేసింది, ఇదేం పాటరా అని. మా అమ్మాయికి ఐదేళ్లు, అది ఒక్కటే రోజూ మూడుసార్లు. కప్పని ముట్టుకుంటే ఏమవుతుందో నాకు కూడా కంఠస్థం. మిగతా 21 ట్రాకులూ దాని దృష్టిలో లేవు.

రాత్రి_డ్యూటీ: నా ప్రశ్న రెండో డిస్క్ గురించి అండీ.

కొబ్బరాకు: రెండో డిస్క్‌లో 'స్టీవ్ మెక్‌క్వీన్' ఉంది, 'అవుట్రో' ఉంది, నిద్ర ఎలా వచ్చింది నీకు? 'క్లౌడ్ అట్లాస్' ట్రైలర్‌లో వినలేదా 'అవుట్రో'? నాకు సినిమా గుర్తు లేదు, ట్రైలర్ గుర్తుంది.

టేపురికార్డర్: ఆ తర్వాత ట్రైలర్ కట్ చేసేవాళ్లందరూ అలాంటి సౌండే పట్టుకున్నారు, అది వేరే బాధ. గ్రామీ కూడా పోయింది, ఆల్టర్నేటివ్ విభాగంలో గోటియే అనే గాయకుడు ఎగరేసుకుపోయాడు.

ఫేడర్_బాబాయి: 2016లో వచ్చిన ఎం83 ఆల్బమ్ 'జంక్' విన్నవాళ్లు దీన్ని తిట్టరు. ఎల్పీ కొనేటప్పుడు ఏ ప్రెస్సింగో, అంటే ఏ విడతలో అచ్చు వేసిన ప్లేటో, చూసుకోండి. నేను ఒక కొట్లో కొన్నది రెండో ప్లేటు వంకరగా వచ్చింది, మార్చమంటే బరువు పెట్టి ఎండలో ఉంచమన్నారు. ఎండలోనట.

మామిడితాండ్ర: ఉంచారా?

ఫేడర్_బాబాయి: ఉంచాను. ఇప్పుడు అప్పడాలు పెట్టుకుంటున్నాం.